రెక్కను విడిచిన లెక్క

రెక్కాడితే గాని డొక్కాడదన్న సామెత తెలుగునాట పుట్టినదే అయినా, దాని సత్యం హిమాలయం మొదలుకొని సింహళం వరకు ఒక్కటే. ఆ మూడు మాటలలో ఒక సంపూర్ణమైన అర్థశాస్త్రమున్నది. రెక్క అనగా శ్రమ. డొక్క అనగా అవసరం. నడుమనున్న "గాని" అన్న చిన్నమాట ఆ రెంటినీ ముడివేసిన నిర్బంధం. రెక్కాడిననాడు తిండి, ఆడనినాడు పస్తు. పేదవాని బ్రతుకంతా ఆ ముడిలోనే ఉన్నది. తెలుగులో శ్రమకూ బాధకూ కూడా "కష్టం" అన్న మాట ఒక్కటే చెల్లుబాటు కావడం ఊరక జరిగినది కాదు. కష్టపడేవాడే కష్టాలు పడుతున్నాడని భాష ఏనాడో గుర్తించినది.

అయితే ఈ దేశంలో పేదరికాన్ని గూర్చి నూరేండ్లకు పైగా సాగుతున్న పరిశోధనను పరిశీలించినవారికి ఒక వింత కనబడుతుంది. భాష కలిపి ఉంచిన ఈ రెంటినీ శాస్త్రం విడదీసినది. డొక్కను కొలిచే సర్వే ఒకటి, రెక్కను కొలిచే సర్వే మరొకటి. మొదటిదానికి వినియోగ వ్యయ సర్వే అని పేరు, రెండవదానికి ఉపాధి సర్వే అని పేరు. ప్రశ్నపత్రాలు వేరు, నిర్వచనాలు వేరు, నిపుణ సంఘాలు వేరు. కుటుంబం ఎంత తిన్నదని, ఎంత కొన్నదని మొదటి సర్వే అడుగుతుంది. ఆ తిండి కోసం ఎవరు ఎన్ని గంటలు నడుము వంచినారో అడగదు. పని ఉన్నదా లేదా అని రెండవది అడుగుతుంది, ఇటీవల సంపాదన ఎంత అని కూడా అడుగుతున్నది. ఆ సంపాదనతో ఇల్లు గడిచినదా అన్నది మాత్రం దాని ప్రశ్న కాదు. ఈ రెండు కాగితాల నడుమ "గాని" అన్న మాట జారిపోయినది.

దీనిని పరిశోధకుల ఏమరుపాటుగా భావించి ఊరుకోవడానికి వీలులేదు. ఈ విభజన వలన లాభం పొందేవారున్నారు. పేదవానిని కేవలం భోక్తగా చూచినంతకాలం సమాజం దాత. అతనిని శ్రామికునిగా చూచిన మరుక్షణం సమాజమే ఋణస్థు. దాత అనిపించుకోవడం సుఖం, గౌరవం కూడా. ఋణస్థుకు ఆ సుఖం లేదు. అతడు లెక్క చెప్పవలసి ఉంటుంది. అందుచేతనే పేదవాడు ఏమి పొందినాడన్న గ్రంథాలు గుట్టలుగా పడి ఉండగా, పేదవాడు ఏమి ఇచ్చినాడన్న గ్రంథాలు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని ఉన్నవి.

ఈ విద్యకు ఆద్యుడైన దాదాభాయి నౌరోజీ ఇట్టి పొరపాటు చేయలేదు. 1870 దశకంలో ఆయన భారతదేశపు దారిద్ర్యాన్ని గూర్చి చదివిన పత్రాలు, 1901లో వెలువడిన ఆయన మహాగ్రంథం ఈ సంగతికి సాక్ష్యం. ఆయన మొదట రెక్కను కొలిచినాడు. రాష్ట్రం తరువాత రాష్ట్రంగా పొలం ఎంత పండినదో, దాని వెల ఎంతో ప్రభుత్వ పత్రాల నుండియే తీసి, తలకు ఏడాదికి 20 రూపాయలు మాత్రమే వస్తున్నదని తేల్చినాడు. ఆ పిమ్మట డొక్కను కొలిచినాడు. అందుకు ఆయన తెచ్చిన కొలబద్ద చెరసాల. ఖైదీ తిండికీ బట్టకూ సర్కారు పెడుతున్న ఖర్చును పక్కన పెట్టి చూపినాడు. నేరం చేసినవానికి ప్రభుత్వం పెట్టే కూడు నేరం చేయని రైతుకు దొరకడం లేదని దాని తాత్పర్యం. పండించినవాని వద్ద పంట ఎందుకు నిలవడం లేదన్న ప్రశ్నకు ఆయన సంపద తరలింపు సిద్ధాంతంతో జవాబు చెప్పినాడు. ఆ లెక్క పాలకుని బోనులో నిలబెట్టినది. లెక్క అన్నది ఆయన చేతిలో ఆయుధం.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత అదే లెక్క క్రమంగా పాలకుని చేతిలో డాలుగా మారిన కథ విచారింపదగినది. 1962లో ప్రణాళికా సంఘం కోరికపై సమావేశమైన నిపుణుల బృందం 1960-61 ధరలలో తలకు నెలకు 20 రూపాయలు జాతీయ కనీసమని నిర్ణయించినది. ఆ కాలానికి అది సాహసమే. రాజకీయ స్వాతంత్ర్యం వచ్చి దాదాపు పదిహేనేండ్లయినది గనుక ప్రతి మనిషికీ ఇంత అందవలెనని ప్రభుత్వపక్షాన ఒక అంకె పెట్టి చెప్పడం చిన్న సంగతి కాదు. కాని ఆ అంకెకు ఒక షరతు ఉన్నది. విద్యకు, వైద్యానికి అయ్యే ఖర్చు ఆ 20 రూపాయలలో చేర్చలేదు. వాటిని ప్రభుత్వమే సమకూర్చుతుందని రాజ్యాంగ ఆదేశాన్ని బట్టి భావించినారు. ఆ తరువాత ఏమైనదో ఊరివారందరికీ తెలుసును. బడి ఉన్నచోట పంతులు లేడు, ఆసుపత్రి ఉన్నచోట మందు లేదు. పేదవాడు రెంటికీ తన చేతి డబ్బు పెట్టుకొనవలసి వచ్చినది. మాట తప్పినది, తప్పిన మాటపై గీసిన గీత మాత్రం చెదరలేదు. సర్కారు ఇస్తానన్నది ఇవ్వకపోగా, ఇచ్చినట్లే భావించి పేదలను లెక్కించడం దశాబ్దాల పాటు సాగినది. 2009లో తెందూల్కర్ సంఘం ఈ లోపాన్ని ఎత్తి చూపేవరకు ఆ పాత షరతు లెక్కలలో కాపురం చేస్తూనే ఉన్నది.

1971లో దండేకర్, రథ్ పండితులు వెలువరించిన అధ్యయనంతో కేలరీ రంగప్రవేశం చేసినది. రోజుకు 2,250 కేలరీల తిండి దొరకడానికి ఎంత ఖర్చు చేయవలసి వస్తున్నదో అదే గీత అన్నారు. 1979లో అలఘ్ అధ్యక్షత వహించిన కార్యదళం గ్రామంలో 2,400, పట్టణంలో 2,100 కేలరీలని స్థిరపరచి, 1973-74 ధరలలో గ్రామానికి నెలకు 49 రూపాయల 9 పైసలు, పట్టణానికి 56 రూపాయల 64 పైసలు అని లెక్క కట్టినది. పైసలదాకా పోయిన ఆ కచ్చితత్వాన్ని చూచి ముచ్చటపడవలసిందే. కేలరీ అన్నది నిజానికి శ్రమకు కొలత. పార పట్టినవానికి, కలం పట్టినవానికి ఒకే కేలరీలు చాలవు. ఆ సంగతి పోషకాహార శాస్త్రవేత్తలకు తెలియనిది కాదు. సగటు కట్టేటప్పుడు వయస్సును, లింగాన్ని, పని స్వభావాన్ని లెక్కలోకి తీసుకొన్నారు. కాని సగటు ఒకసారి అంకె అయిన తరువాత దాని వెనుకనున్న పార కనుమరుగైనది. మనిషి ఎంత మోసినాడన్నది పోయి ఎంత మింగినాడన్నదే మిగిలినది.

ఇంతటితో ఆగలేదు. ప్రసిద్ధ సాంఖ్యికవేత్త సుఖాత్మే, మానవదేహం తక్కువ తిండికి తనను తాను సర్దుకొంటుందని, అందుచేత సగటు అవసరాన్ని గీతగా పెడితే పేదల సంఖ్య పెరిగి కనబడుతుందని వాదించినారు. దండేకర్ దానిని ఖండించినారు. ఆ వాదోపవాదాలలో సాంఖ్యిక సూక్ష్మతలు చాలా ఉన్నవి. వాటి నిర్ణయం నిపుణులదే. కాని సామాన్యుడు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. దేహం దేనిని వదులుకొని సర్దుకొంటుంది? ఎదుగుదలను వదులుకొంటుంది; బరువును వదులుకొంటుంది; చివరకు పనిని వదులుకొంటుంది. పని వదులుకొన్న దేహానికి కూలి లేదు. కూలి లేని దేహం ఇంకా తక్కువకు సర్దుకొనవలెను. ఈ సర్దుబాటుకు అంతం ఎక్కడో స్మశానానికి తెలుసు. రెక్కను మరచి డొక్కను మాత్రమే కొలిచే శాస్త్రానికి ఇట్టి ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు సమర్పించిన ప్రమాణపత్రం ఈ మార్గానికి శిఖరం. పట్టణంలో రోజుకు 32 రూపాయలు, గ్రామంలో 26 రూపాయలు ఖర్చు చేయగలవాడు గీతకు పైన ఉన్నట్లేనని అందులో తెలిపినారు. దేశమంతటా హాహాకారం లేచినది. రంగరాజన్ సంఘం వచ్చినది. 2014లో ఆ సంఘం గీతను గ్రామంలో నెలకు 972 రూపాయలకు, పట్టణంలో 1,407 రూపాయలకు జరిపినది. తెందూల్కర్ గీత ప్రకారం 2011-12లో పేదలు నూటికి 21.9 మంది; రంగరాజన్ గీత ప్రకారం 29.5 మంది. ఒక్క కూలివాని కూలి పెరగలేదు, తరగలేదు. ఒక్క ఇంటి పొయ్యి అదనంగా వెలగలేదు, ఆరలేదు. కలం కొద్దిగా జరిగేసరికి తొమ్మిది కోట్లకు పైగా జనం గీతకు పైనుండి కిందికి వచ్చినారు. ఇంతటి చంచలమైన గీతపై ఇంతటి అచంచలమైన విశ్వాసం ఉంచడం శాస్త్రమా, ఆచారమా అన్నది ఆలోచింపవలసిన విషయం.

పార్లమెంటు కూడా ఈ మాయకు అతీతం కాలేదు. 1963 ఆగస్టులో రామమనోహర్ లోహియా లోక్‌సభలో నిలిచి, ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బ్రతుకుతున్నారని గర్జించినారు. మూడణాలు కాదు పదిహేనణాలని నెహ్రూ బదులు చెప్పినారు. అణాల వివాదంగా అది చరిత్రకెక్కినది. నిపుణుల 20 రూపాయల కనీసాన్ని రోజుకు పంచితే పదిన్నర అణాలకు కొంచెం మించుతుంది. కాబట్టి లోహియా మాట నిజమైతే దేశంలో సగానికి మించిన జనం ఆ కనీసంలో మూడవ వంతుతో కూడా బ్రతకడం లేదన్నమాట. ఆ సాహసానికి లోహియాను ఎంత మెచ్చుకొన్నా చాలదు. అయినా ఆ మహావివాదంలో సైతం మూడణాలా పదిహేనణాలా అన్నదే గాని, ఆ మూడణాలకు ఎన్ని గంటల పని, ఎవరి పొలంలో పని, దానికి న్యాయమైన కూలి ఎంత అన్న ప్రశ్న వెనుకపడినది.

ఇక రెక్కను కొలిచే పక్షానికి వద్దాము. స్వతంత్ర ప్రభుత్వం తొలినాళ్ళలోనే ఈ పని చేపట్టినది. 1950-51లో మొదటి వ్యవసాయ కార్మిక విచారణ, 1956-57లో రెండవది జరిగినవి. నూటికి 45గా ఉన్న ఋణగ్రస్త కుటుంబాలు ఆరేండ్లలో 64 అయినట్లు, దినకూలి తగ్గినట్లు ఆ నివేదికలు చూపినవి. దేశం ఉలిక్కిపడవలసిన సమాచారమది. కాని రెండు విచారణల నిర్వచనాలు ఒకటి కావు గనుక పోల్చరాదన్న వాదం వెంటనే బయలుదేరినది. డేనియల్ థార్నర్ వంటివారు మొదటి విచారణ పెట్టుకొన్న మౌలిక భావనలనే ప్రశ్నించినారు. ఆయన విమర్శ సద్బుద్ధితో చేసినది. పల్లెలోని పని సంబంధాలు ప్రశ్నపత్రపు గళ్ళలో ఇమడవని ఆయన హెచ్చరిక. అయితే హెచ్చరికను విని గళ్ళను మార్చవలసినవారు, గళ్ళు సరిగా లేవు గనుక అందులో పడిన బాధ కూడా లేనట్లే అనుకొనడానికి అలవాటుపడినారు.

ఉపాధి అన్న మాటకు నేడు సర్వేలలో ఉన్న అర్థాన్ని చూడండి. వారపు స్థితి లెక్కలో, గడచిన ఏడు రోజులలో ఏ ఒక్కరోజైనా ఒక్క గంట పని చేసినవాడు పనిలో ఉన్నవానికిందనే లెక్క. ఈ కొలతతో చూస్తే చదువుకొన్నవారిలో నిరుద్యోగం ఎక్కువగాను, నిరుపేదలలో తక్కువగాను తేలడంలో ఆశ్చర్యమేమున్నది? నిరుద్యోగిగా ఉండడానికి ఇంట కొంచెమైనా గింజలుండవలెను. గింజలు లేనివాడు ఏ పని దొరికితే ఆ పని, ఏ కూలికైతే ఆ కూలికి చేస్తాడు. చెత్త ఏరుకొన్నవాడు, అడ్డమీద నిలబడి మధ్యాహ్నానికి ఒక ఇటుకల బండి దించి వచ్చినవాడు, ఎండలో పది కట్టల పుల్లలు ఏరి అమ్మినవాడు, అందరూ ఉపాధి పొందినవారే. వారి ఆకలి మొదటి సర్వేకు చెందినది. వారి ఉపాధి రెండవ సర్వేకు చెందినది. ఉపాధి ఉండగా ఆకలి ఎందుకున్నదన్న ప్రశ్న ఏ సర్వేకూ చెందలేదు.

స్త్రీల సంగతికి వస్తే ఈ అన్యాయానికి హద్దు లేదు. పశ్చిమ గోదావరిలోని నరసాపురం లేసు ప్రపంచ ప్రసిద్ధం. మిషనరీలు నేర్పిన ఆ అల్లిక తరతరాలుగా అక్కడి ఆడవారి చేతివిద్య. జర్మను పండితురాలు మారియా మీస్ 1982లో ఈ లేసు అల్లేవారిని గూర్చి వెలువరించిన గ్రంథం భారతీయ శ్రమను గూర్చి వచ్చిన ఉత్తమ అధ్యయనాలలో ఒకటి. ఏజెంటు దారం తెచ్చి ఇస్తాడు. అల్లినది పట్టుకొని పోతాడు. ఎగుమతిదారు దానిని సముద్రం దాటిస్తాడు. విదేశీ ద్రవ్యం దేశానికి వస్తుంది. ఈ గొలుసులో ప్రతివానికీ ఒక పేరున్నది. ఏజెంటు వ్యాపారి, ఎగుమతిదారు వ్యాపారి. అల్లినామె మాత్రం గృహిణి. ఆమె ఇంటిపని ముగించుకొని రోజుకు ఆరేడు గంటలు సూది కదిలించినా అది తీరిక వేళ చేసుకొనే పని అన్నారు. తీరిక అన్న పేరు పెట్టినందువలన కూలి తక్కువ. కూలి తక్కువ గనుక అది పని కాదు. పని కాదు గనుక జనాభా లెక్కలలో ఆమె శ్రామికురాలు కాదు. అబద్ధం ఒక వలయంగా తిరిగి తిరిగి శాస్త్రమై కూర్చున్నది. ఇంటి గడప దాటనివ్వని ఆచారం ఆమెకు గౌరవమని చెప్పినారు. ఆ గౌరవమే ఎగుమతిదారునికి లాభం.

నరసాపురం ఒక్కటే కాదు. బీడీలు చుట్టేవారు, అగరువత్తులు దొర్లించేవారు, అప్పడాలు వత్తేవారు దేశమంతటా ఉన్నారు. 1972లో అహమ్మదాబాదులో ఇలా భట్ స్వయం ఉపాధి మహిళలకు సంఘం స్థాపింపబూనినప్పుడు, యజమాని లేనిదే కార్మిక సంఘమెట్లా అని అధికారులు అభ్యంతరం చెప్పినారు. యజమాని లేకపోవడం కాదు, యజమాని కనబడకుండా ఉండడమే అసలు సంగతి. 1988లో ఆమె అధ్యక్షత వహించిన జాతీయ సంఘం తన నివేదికకు "శ్రమశక్తి" అని పేరు పెట్టినది. ఆ పేరులోనే ఒక వాదమున్నది: వీరు సాయం కోరే అబలలు కారు, దేశాన్ని మోస్తున్న శక్తి అని.

జాతీయ నమూనా సర్వేలో 92, 93 అని రెండు సంకేతాలున్నవి. ఇంటిపని మాత్రమే చేసే స్త్రీకి మొదటిది. ఇంటిపనితో పాటు కట్టెలు, నీరు, పశువుల మేత తెచ్చి, ఇంటికి కావలసినవి కుట్టి, నేసి పెట్టే స్త్రీకి రెండవది. ఈ రెండు సంకేతాలవారూ శ్రామికశక్తికి వెలుపలివారు. కోసెడు దూరం నుండి తెచ్చిన బిందె నీరు పని కాదు. అదే నీటిని సీసాలో పోసి అమ్మితే పని. జనాభా లెక్కల వారు గృహిణులను బిచ్చగాండ్రతోను, ఖైదీలతోను ఒక వరుసలో ఆర్థికంగా ఉత్పత్తి చేయనివారుగా చూపినందుకు 2010లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తీవ్రంగా ఆక్షేపించినారు. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీ దానికి రోజుకు 299 నిమిషాలు, చేసే పురుషుడు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అయిదేండ్ల తరువాత 2024లో అవి 289, 88 అయినవి. అయిదు గంటల పనిని పని కాదనడానికి ఎంతటి పాండిత్యం కావలెనో!

ఇటీవలి అంకెలు ఇంకొక పాఠం చెబుతున్నవి. 15 ఏండ్లు దాటిన స్త్రీలలో శ్రామికశక్తిలో చేరినవారు 2017-18లో నూటికి 23.3 మంది ఉండగా 2023-24లో 41.7 మంది అయినారు. దీనిని విజయమని చాటినారు. కాని ఆ పెరుగుదలలో అధికభాగం స్వయం ఉపాధి. అందులోనూ పెద్దభాగం కుటుంబ పొలంలో, కుటుంబ దుకాణంలో కూలి లేకుండా సాయపడేవారిది. నిన్న లెక్కలో లేని శ్రమ నేడు లెక్కలోకి వచ్చిన మేరకు సంతోషమే. కాని లెక్కకు వచ్చినా కూలి రాని పనిని ఉపాధి అని పిలవడం పేరు మార్చడమే గాని బ్రతుకు మార్చడం కాదు.

శాస్త్రం చూడలేనిదానిని సాహిత్యం ఏనాడో చూచినదని చెప్పక తప్పదు. ప్రేమ్‌చంద్ "గోదాన్" 1936లో వెలువడినది. అందులో హోరీ రైతు కూలివాడై, రోడ్డుకు కంకర తవ్వుతూ వడదెబ్బకు కూలిపోతాడు. గోదానం చేయించుమని పెద్దలు అనగా అతని భార్య ధనియా చేతికి వచ్చినవి, ఇంట పేనిన పురికొస అమ్మగా వచ్చిన ఇరవై అణాలు. ఆ పుస్తకాన్ని కంటతడి లేకుండా ముగించినవారు అరుదు. కాని అర్థశాస్త్రజ్ఞుడు అక్కడ ఏడవనక్కరలేదు, గమనించవలెను. ఆ ఇరవై అణాలు ఏ సర్వేలో పడతవి? పురికొస పేనడం తీరికవేళ పని. హోరీ పనిలో ఉండగా చనిపోయినాడు గనుక ఉపాధి గలవాడు. ఋణం వలన రైతుతనం పోయినది, రైతుతనం పోయి కూలి వచ్చినది, కూలి ప్రాణం తీసినది. ఈ కార్యకారణ పరంపర నవలలో ఉన్నది, నివేదికలో లేదు. ప్రేమ్‌చంద్ ఏ గీతా గీయలేదు. రెక్కకూ డొక్కకూ నడుమనున్న ముడిని మాత్రం విప్పి చూపినాడు.

ఈ విమర్శకు ప్రతిపక్షులు చెప్పే సమాధానాలు మూడు. అవి తేలికగా తోసివేయదగినవి కావు.

మొదటిది: గీత ఎంత దిగువనున్నా అది కాలగతిని చూపుతుంది, దాని సహాయంతోనే పేదరికం తగ్గినదని తెలిసినది. ఇది నిజం. ప్రపంచ బ్యాంకు 2025లో ప్రకటించిన లెక్క ప్రకారం రోజుకు 3 డాలర్ల గీతకు దిగువనున్నవారు 2011-12లో నూటికి 27.1 మంది ఉండగా 2022-23లో 5.3 మందికి తగ్గినారు. కొలమానంపై భేదాభిప్రాయాలున్నా, ఆకలి మునుపటికంటె తగ్గినదనడంలో సందేహం లేదు. దానికి సంతోషించనివాడు మనిషి కాడు. కాని గీత దాటడం స్థిమితపడడం కాదు. 2022-23 సర్వేలోనే గ్రామాలలో అట్టడుగు నూటికి అయిదుగురి సగటు ఖర్చు తలకు నెలకు 1,373 రూపాయలు, అనగా రోజుకు 46 రూపాయలైనా లేదు. ఆ పైమెట్టున ఉన్నవారు దేనివలన అక్కడ నిలిచినారు? పెరిగిన కూలివలననా, అదనంగా చేసిన గంటలవలననా, బడి మాన్పించిన బిడ్డ సంపాదనవలననా, వడ్డీకి తెచ్చిన అప్పువలననా? వ్యయం ఈ నాలుగింటికీ ఒకే ముఖంతో కనబడుతుంది. అప్పు చేసి తిన్న అన్నం, కష్టపడి తిన్న అన్నం సర్వేలో ఒకే అన్నం. తిన్నవానికి మాత్రం తేడా తెలుసు.

రెండవ సమాధానం పాతది, నీచమైనది: పేదలకు సాయం చేస్తే సోమరులవుతారని. ఉచితంగా బియ్యమిస్తే కూలికి మనిషి దొరకడం లేదని పెద్దరైతులు, గుత్తేదారులు తరచు వాపోతుంటారు. దీనికి ఊహతో కాక పరిశోధనతోనే జవాబు చెప్పవచ్చును. అభిజిత్ బెనర్జీ, ఆయన సహచరులు ఆరు దేశాలలోని ఏడు నగదు సహాయ పథకాలను పరిశీలించి 2017లో ప్రకటించిన అధ్యయనంలో, సహాయం వలన పని తగ్గినదనడానికి క్రమబద్ధమైన సాక్ష్యం కనబడలేదు. నిజానికి గుత్తేదారు బాధ సోమరితనం గూర్చి కాదు. డొక్కకు కాస్త ఆసరా దొరికినవాడు ఏ కూలికైనా తల ఒగ్గడు, బేరమాడుతాడు. అతనికి బేరమాడే శక్తి వచ్చినదన్నదే ఫిర్యాదు. దానిని నీతిబోధగా మార్చి చెబుతున్నారు, అంతే.

మూడవది: నిర్బంధాన్ని, గౌరవాన్ని, భయాన్ని కొలవలేము, కొలవగలిగినదే శాస్త్రం అని. దీనికి సుప్రీంకోర్టే 1982లో జవాబు చెప్పినది. ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణాలలో పనిచేసిన కూలీల వ్యాజ్యంలో, కనీస వేతనానికి తక్కువ ఇచ్చి పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరి అవుతుందని తీర్పు వచ్చినది. కొరడా లేదు, సంకెల లేదు, కూలి తనంతట తానే వచ్చినాడు కదా అన్న వాదాన్ని న్యాయస్థానం అంగీకరించలేదు. ఆకలి కూడా నిర్బంధమేనన్నది. సామెతలోని "గాని" అన్న మాటకు రాజ్యాంగ భాష్యమది. న్యాయమూర్తులు చూడగలిగిన దానిని సాంఖ్యికులు చూడలేరనడం నమ్మదగినది కాదు. కొలవడం అసాధ్యం కాదనడానికి వేరే నిదర్శనం కూడా ఉన్నది. 2009లో వెలువడిన ఒక గ్రంథం కోసం భారతదేశంలో, బంగ్లాదేశ్‌లో, దక్షిణాఫ్రికాలో సుమారు 250 పేద కుటుంబాల ఆదాయ వ్యయాలను, అప్పులను, పొదుపులను రెండు వారాలకొకసారి చొప్పున ఏడాదిపాటు వ్రాసినారు. ఆదాయం తక్కువ కావడమే కాదు, ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే వారి బాధలో సగమని అక్కడ తేలినది. చేబదులు, చీటీ, కుదువ, దాపరికం, ఇన్నింటిని నడిపే పేద ఇల్లాలి లెక్కల చాతుర్యానికి పరిశోధకులు అబ్బురపడినారు. కొలవాలన్న మనస్సుంటే కొలత ఉన్నది.

మనస్సు లేనప్పుడు ఏమవుతుందో కూడా ఈ దేశం చూచినది. 2017-18 వినియోగ వ్యయ సర్వే పూర్తి అయిన తరువాత, సమాచారం నాణ్యత చాలదన్న కారణంతో 2019 నవంబరులో ప్రభుత్వం దానిని ప్రకటించకుండా నిలిపివేసినది. సమాచారంలో లోపాలుంటే వాటిని పండితుల ముందు పెట్టి చర్చింపవలసినది పోయి, పుస్తకమే మూసివేసినారు. 2020లో లాక్‌డౌన్ వలన నగరాలను వదిలి వందల మైళ్ళు కాలినడకన ఇళ్ళకు పోయిన వలస కూలీలలో ఎందరు మరణించినారని పార్లమెంటు సభ్యులు ఆ సెప్టెంబరులో అడిగితే, అట్టి లెక్కలు లేవని ప్రభుత్వం బదులు చెప్పినది. లెక్క లేదు గనుక పరిహారం ప్రసక్తి లేదన్నది. నగరాలను కట్టిన రెక్కలవి. అవి రాలిపోయిననాడు రాలిన సంఖ్య కూడా ఎవరివద్దా లేదు. లెక్కించకపోవడం ఉదాసీనత కాదు, అదొక విధానమని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

కనుక చేయవలసినది స్పష్టం. ఒకే కుటుంబాన్ని, ఒకే కాగితం మీద, రెక్కనూ డొక్కనూ కలిపి అడగవలెను. ఏమి తిన్నారన్నదాని పక్కనే ఎవరు ఎన్ని గంటలు పనిచేసినారు, ఎంత కూలి రావలెను, ఎంత వచ్చినది, లోటును ఏ అప్పుతో పూడ్చినారు అని వ్రాయవలెను. ఇంటి గడప లోపల జరిగిన పనికి పని అని పేరు పెట్టవలెను. ఏడాదికొక సగటుతో తృప్తిపడక, మంచినెలలూ చెడునెలలూ వేరుగా చూపవలెను. సర్వే ముగిసిన తరువాత అనుకూలమైనా ప్రతికూలమైనా దానిని ప్రజల ముందు పెట్టవలెను. వీటిలో ఏ ఒక్కటీ సాంఖ్యిక శాస్త్రానికి మించిన పని కాదు. ఒకే దేశంలో ఒకే శాస్త్రం పంట దిగుబడిని గుంటల దాకా కొలవగలిగినప్పుడు, పంట పండించిన చేయి ఎంత అలసినదో కొలవలేకపోవడానికి కారణం శాస్త్రంలో లేదు.

ఈ పని జరిగిననాడు రెండు పట్టికలు ఒకదానినొకటి చూచుకొంటవి. ఈ దేశపు పేదవాడు తక్కువ పనిచేసినందువలన పేదవాడు కాలేదని, ఎంతో చేసి తక్కువ పొందినందువలన పేదవాడైనాడని అప్పుడు అంకెలే సాక్ష్యం చెప్పవలసి వస్తుంది. నౌరోజీ పాలకుని అడిగిన ప్రశ్న అదే: పండించినవాని వద్ద పంట ఎందుకు నిలవడం లేదు? పాలకుడు మారినాడు, ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉన్నది.